'వచ్చు' అంటే కెన్నా? మేనా?

'సర్, ఐ కెన్ ఏబుల్ టు వర్క్ ఇన్ నైట్ షిఫ్ట్స్.' ఇంటర్వ్యూ గది బయట ఈ వాక్యం మీరు వినే ఉంటారు. మీరే ఒకటి రెండుసార్లు అనీ ఉండొచ్చు. చెప్పదలచుకున్నది ఎదుటివారికి అర్థమవుతుంది. కానీ 'కెన్' అన్నా చేయగలగడమే, 'ఏబుల్' అన్నా చేయగలగడమే. ఒకే గోడకి ఇద్దరు మేస్త్రీలు ఎందుకు? 'ఐ కెన్ వర్క్' అంటే చాలు, లేదంటే 'ఐయామ్ ఏబుల్ టు వర్క్'.

కెన్, కుడ్, మే, మైట్, విల్, వుడ్, షుడ్, మస్ట్... వీటినే మోడల్ వెర్బ్స్ అంటారు. గ్రామర్ పుస్తకంలో టేబుల్ చూసి బట్టీపట్టేస్తాం, నోరు తెరిస్తే తడబడతాం. ఎందుకంటే తెలుగులో ఈ అర్థాలన్నీ క్రియ తోకలో ఉంటాయి. వెళ్లగలను, వెళ్లొచ్చు, వెళ్లాలి, వెళ్లకూడదు, వెళ్లనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఆ తోక విడిపోయి క్రియకి ముందొచ్చి నిలబడుతుంది. దాని వెనక వచ్చే క్రియ బోసిగా ఉండాలి. 'మస్ట్ టు గో' కాదు, 'మస్ట్ గో'. 'కెన్ గోస్' కాదు, 'కెన్ గో'.

అసలు చిక్కు 'వచ్చు' దగ్గర. తడ మండలం భీమునివారిపాలెంలో పులికాట్ పడవల రేవు ఉంది. అక్కడ ఈ మూడు మాటలు వినబడ్డాయనుకోండి. 'నాకు పడవ నడపడం వచ్చు.' 'ఇక్కణ్నుంచి పడవలో వెళ్లొచ్చు.' 'మధ్యాహ్నం గాలి పెరగొచ్చు.' మూడింటిలోనూ 'వచ్చు' ఉంది. మొదటిది నేర్పు, రెండోది వీలు, ఈ రెండింటికీ 'కెన్' సరిపోతుంది. మూడోది మాత్రం అనుమానం: 'ద విండ్ మైట్ పిక్ అప్.' ఇక్కడ 'కెన్' పెడితే కుదరదు. అలాగే 'పైథాన్ వచ్చా?' అని అడిగితే 'ఐ మే డూ ఇట్' అనకండి. 'చేస్తానేమో చూద్దాం' అన్నట్టు వినబడుతుంది. వచ్చిన పనిని కూడా రానట్టు చెప్పుకోవడం కదా అది!

సరిహద్దులో పెరిగినవాళ్లకి ఇంకో సంగతి. తడ, సూళ్లూరుపేట వైపు చాలామందికి తమిళం కూడా నోట్లో ఆడుతుంది. తమిళంలో 'వరలాం' అంటే మన 'రావచ్చు', 'వరణుం' అంటే 'రావాలి'. అక్కడా తోకే. అంటే రెండు భాషలు వచ్చినవాళ్లకైనా ఇంగ్లిష్‌లో ఈ ముందు పదాన్ని కొత్తగా అలవాటు చేసుకోక తప్పదు.

రెండు మోడల్స్‌ని పక్కపక్కన పెట్టడం కూడా కుదరదు. చలికాలంలో మీ ఊరికొచ్చిన స్నేహితుడు 'ఫ్లెమింగోలు కనబడతాయా?' అని అడిగాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, దారిలో అటకానితిప్ప ఉంది. 'అక్కణ్నుంచి చూడగలుగుతావేమో' అనాలి. 'మైట్ కెన్ సీ' అనలేం. అప్పుడే 'ఏబుల్'కి పని పడుతుంది: 'యూ మైట్ బి ఏబుల్ టు సీ దెమ్.' 'మస్ట్' బదులు 'హావ్ టు' కూడా ఇలాగే దిగుతుంది: 'యూ మైట్ హావ్ టు వెయిట్.' అంటే ఆగాల్సి రావచ్చు.

ఆ రోడ్డు చివరే షార్. ఈ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాలి. సాంకేతిక లోపం కనబడటంతో, ఇంకా 56 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. తర్వాత జులై 22న ప్రయోగించారు. జరిగింది 'ఆపాల్సి వచ్చింది', కాబట్టి 'ద లాంచ్ హ్యాడ్ టు బి కాల్డ్ ఆఫ్.' ఇక్కడ 'హ్యాడ్ టు' తీసేసి 'షుడ్ హావ్ బీన్ కాల్డ్ ఆఫ్' అన్నారనుకోండి, 'ఆపాల్సింది, ఆపలేదు' అయిపోతుంది. 'మస్ట్ హావ్ బీన్ కాల్డ్ ఆఫ్' అంటే 'ఆపేసే ఉంటారు' అని ఊహ. 'మే హావ్ బీన్' అంటే 'ఆపేసి ఉండొచ్చు'. 'కుడ్ హావ్ బీన్' అంటే సందర్భాన్ని బట్టి ఆ ఊహైనా కావచ్చు, 'ఆపే వీలుండింది, కానీ ఆపలేదు' అనైనా కావచ్చు. 'కాల్ ఆఫ్' అనే ఒక్క మాట చుట్టూ ఇన్ని కథలు. ప్రాజెక్ట్ ఎందుకు ఆలస్యమైందని ప్యానెల్ అడిగినప్పుడు 'వీ షుడ్ హావ్ టెస్టెడ్ ఇట్' అంటే తప్పు ఒప్పుకున్నట్టు, 'వీ హ్యాడ్ టు టెస్ట్ ఇట్ అగైన్' అంటే కారణం చెప్పినట్టు. ఏది అనాలో ముందే తేల్చుకుని వెళ్లండి.

మరో జంట ఇంకా ప్రమాదం. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ప్లాంట్లున్నాయి. అక్కడే కాదు, తెలుగు, తమిళం, జపనీస్ మాట్లాడేవాళ్లు కలిసి పనిచేసే ఏ చోటైనా మధ్యలో వాడుకునేది ఇంగ్లిషే. 'యూ డోంట్ హావ్ టు స్విచ్ ఇట్ ఆఫ్' అంటే ఆపనక్కర్లేదు, ఆపినా ఫర్వాలేదు. 'యూ మస్ట్ నాట్ స్విచ్ ఇట్ ఆఫ్' అంటే ఆపకూడదు. తెలుగులో 'అక్కర్లేదు', 'కూడదు' అని రెండు వేరే మాటలున్నాయి, మనం ఎప్పుడూ కలిపేసుకోం. ఇంగ్లిష్‌లో 'మస్ట్', 'హావ్ టు' ఒకటేగా అనుకుని, 'నాట్' చేర్చినా ఒకటేననుకుంటాం. కాదు. మిషన్ ముందు నిలబడ్డప్పుడు అర్థం కాకపోతే మళ్లీ అడగండి, మొహమాటపడొద్దు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకి ఇదే గొడవ డాక్యుమెంట్లలో ఎదురవుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఓ చిన్న పత్రమే తెచ్చారు. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే చేయడమే మంచిది, మానాలంటే గట్టి కారణం ఉండాలి. మే అంటే మీ ఇష్టం. రెండు మూడు పేజీలే, ఇంటర్వ్యూకి ముందు చదివేయండి. నన్నడిగితే చాలా గ్రామర్ పుస్తకాలకన్నా అది సూటిగా ఉంటుంది.

ఇంక 'కుడ్', 'వుడ్'. 'ఐ కుడ్ క్లియర్ ద టెస్ట్' అని గర్వంగా చెబుతాం. వినేవాళ్లకి అది 'రాస్తే పాసవ్వొచ్చు'లా అనిపించే అవకాశం ఉంది. ఒకసారి జరిగిపోయిన విజయానికి 'ఐ వాజ్ ఏబుల్ టు క్లియర్' లేదా 'ఐ మేనేజ్డ్ టు క్లియర్' వాడండి. 'ఐ కుడ్ నాట్' మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది. 'ఐ వుడ్ జాయిన్ ఆన్ మండే' కూడా అంతే. మనవాళ్లు మర్యాదకి వుడ్ అంటారు, అవతలివాళ్లకి 'చేరేవాణ్నే, కానీ...' అని వినబడొచ్చు. చేరేది ఖాయమైతే 'ఐ విల్' అనండి.

వినేటప్పుడు ఇంకో ఇబ్బంది. మాటల్లో 'షుడ్ హావ్' కాస్తా 'షుడవ్' అవుతుంది, 'హావ్ టు' 'హాఫ్టు' అవుతుంది. అందుకే కొందరు మెయిల్‌లో 'షుడ్ ఆఫ్' అని రాసేస్తారు.

ఈ వారం ఓ పని చేయండి. లుక్ ఇంటు, గెట్ బ్యాక్ టు, టేక్ కేర్ ఆఫ్, ఫిగర్ ఔట్, సార్ట్ ఔట్. ఆఫీసుల్లో రోజంతా తిరిగే మాటలివి. ఒక్కోదాన్నీ ముందు తెలుగులో ఐదు తోకలతో అనండి: చూడగలను, చూడొచ్చు, చూడాలి, చూడనక్కర్లేదు, చూడాల్సింది. తర్వాత ఇంగ్లిష్‌లోకి రండి. ఫ్రెండ్ ఎవరైనా ఎదురుగా ఉంటే ఇంకా మంచిది. తెలుగు వాక్యం అతను చెప్పాలి, ఇంగ్లిష్ మీరు చెప్పాలి, రెండు సెకన్లలో. 'సోమవారంలోగా మీకు చెప్పగలుగుతాననుకుంటా' దగ్గర మొదలుపెట్టండి: 'ఐ షుడ్ బి ఏబుల్ టు గెట్ బ్యాక్ టు యూ బై మండే.'