నీటిని దాటి నోటిని చేరు మేత

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థునకు దాణా మంచిచెడ్డలను గూర్చి పాఠము చెప్పనక్కరలేదు. పొట్టి ఆవుల వలన పుంగనూరు పేరు దేశదేశములకు ప్రాకిన ఈ పాడిసీమలో, తవుడును పిడికిట పట్టి, చెక్కను విరిచి వాసన చూచి, పనికివచ్చునో రాదో తేల్చు నేర్పు తరతరములుగా వచ్చుచున్నది. అయితే పశువునకు పెట్టిన దాణా పొడియైనను గుళికయైనను తొట్టిలోనే యుండును. అడుగున మిగిలినదానిని ఆవు నాలుకతో నాకి తినును. చేపకును రొయ్యకును పెట్టు మేతకు ఈ సౌకర్యము లేదు. అది నోటిని చేరుటకు ముందు నీటిని దాటవలెను. ఈ యొక్క భేదము వలన, గుళిక పరిమాణము, గట్టితనము, నీటిలో నిలుచు శక్తి అను భౌతికగుణములు అందలి మాంసకృత్తులతో సమానమైన ప్రాముఖ్యమును పొందుచున్నవి.

ఈ మెట్టసీమలో చేపల పెంపకము చిరకాలము వాన దయపై నడచినది. చెరువు నిండిన యేట బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదలి, అవి నీటిలో సహజముగ పుట్టు ఆహారమును తిని పెరిగిన పిదప, వేసవిలో నీరు తగ్గినప్పుడు వల వేయుట వాడుక. మేత కొని వేయు మాట అరుదు. హంద్రీ-నీవా పథకమున పుంగనూరు, కుప్పము ఉపకాలువలు వచ్చి, పొలములలో పంటకుంటలు వెలసిన పిమ్మట, నీరు నిలకడగ దొరకిన చోట మేతతో పెంచవలెనను ఆశ కలుగుట సహజమే. అట్టి మేత కృష్ణా, గోదావరి, నెల్లూరు ప్రాంతముల కర్మాగారముల నుండి లారీల కుదుపులకు ఓర్చుకొని కొండదారుల నెక్కి రావలసియున్నది.

గుళిక చేయు పని యెట్టిదో తెలియవలెనన్న కొల్లేటి రైతుల పాతపద్ధతిని చూడవలెను. వారు తవుడును, నూనె తీసిన చెక్కను చిల్లుల సంచులలో నింపి, కర్రలకు గట్టి నీట వ్రేలాడదీయగా, చేపలు చిల్లుల వద్ద మూగి కొంచెము కొంచెముగ లాగికొని తినును. పొడిమేతను నీటిపాలు కానీయకుండుటకై కనిపెట్టిన చక్కని ఉపాయమది. గుళిక ఆ పనినే మరియొక మార్గమున నెరవేర్చుచున్నది. చేపపొడి, సోయాచెక్క, గోధుమపిండి మున్నగువానిని మెత్తగ విసరి, ఆవిరితో ఉడికించి, చిల్లుల ఉక్కు అచ్చు గుండ ఒత్తుదురు. వేడి సుమారు 90 డిగ్రీలకు చేరినప్పుడు పిండిపదార్థము జిగురుగ మారి కణములను ఒండొంటితో బంధించును. పిండి ముతకయైనను, ఆవిరి చాలకున్నను ఆ బంధము సడలును. ముతక పలుకున్న చోటనే గుళిక నెఱ్ఱె విచ్చును. తేలు మేత పుట్టుక వేరు: అధికపీడనమున ఉడికిన ముద్ద అచ్చును దాటిన క్షణమున పీడనము తటాలున తగ్గుటచే ఉబ్బి, లోపల గాలిగదు లేర్పడి, నీటిపై తేలును.

రొయ్య విషయమున ఈ శాస్త్రము మరింత సూక్ష్మము. 2009 తరువాత మన తీరజిల్లాలలో వ్యాపించిన వనామీ రొయ్య, చేపవలె మేతను గుటుక్కున మ్రింగునది కాదు. చెరువడుగున మెలగుచు, వాసన పట్టి గుళికను సమీపించి, ముందరి కాళ్లతో పట్టుకొని, నోటికడ త్రిప్పుచు కొరికి కొరికి తినును. కాబట్టి రొయ్యమేత రెండుమూడు గంటలైనను నీటిలో చెదరకుండవలెను. అట్లని రాతివలె బిగిసి యుండుటయు గుణము కాదు. వాసన కొంత నీటిలోనికి దిగనిదే రొయ్య రాదు. గుళిక కొంత మెత్తబడనిదే తినజాలదు. ఎంత గట్టిదైన అంత మంచిదని అంగడిలో వినవచ్చు మాట నా దృష్టిలో అర్ధసత్యము.

పరీక్షించుటకు యంత్రము లక్కరలేదు. ప్రయోగశాలలో గుళికలను పెట్టెలో వేసి, నిమిషమునకు 50 చుట్ల చొప్పున 10 నిమిషములు త్రిప్పి, జల్లించి, చెదరక మిగిలినదెంతయో తూచుదురు. మన కారోడ్డు ప్రయాణమే ఆ పెట్టె. బస్తా దిగిన వెంటనే అడుగునుండి ఒక కిలో తీసి జల్లించి, రాలిన పొడిని తూచవలెను. నూటికి రెండుపాళ్ల పొడి యనగా 25 కిలోల బస్తాలో అరకిలో. టన్నునకు 20 కిలోలు. అంతకు మించిన మేతను నేనైతే కొనను. పిమ్మట గాజుగ్లాసులో చెరువునీటిని పోసి, పిడికెడు రొయ్యమేత వేసి, అప్పుడప్పుడు మెల్లగ కదపుచు రెండు గంటలు చూడవలెను: గుళిక మెత్తబడియు రూపు చెడకున్న మంచిది, నీరు మురికియై అడుగున బురద పేరిన చెడ్డది. తేలు మేతయైనచో నూరు గుళికలను బకెట్టులో వేసి, అరగంటలో మునిగిన వెన్నో లెక్కించిన చాలును. ఒకే బస్తాలో గుళికల రంగు పలుతెరగుల నున్నచో ఉడుకు సమముగ లేదని అనుమానింపవచ్చును.

పొడి వలని నష్టము పోయిన సొమ్ముతో తీరదు. తినని మేత కుళ్లి నీటికి ఎరువగును. నాచు దట్టమై రాత్రివేళ ప్రాణవాయువును హరించును. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరచుచు కొట్టుకొనును. సాగువ్యయమున సగమునకు పైగా మేతకే పోవుచుండగా, ఆ మేతయే చెరువునకు శత్రువగుట కంటె విపరీత మేమున్నది?

వేరుశనగ పండు ఈ సీమవారు మరియొక సంగతి గుర్తింపవలెను. తడి తగిలిన వేరుశనగచెక్కపై పెరుగు బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు అట్టి చెక్క తిని చనిపోయిన తరువాతనే లోకమునకు ఆ విషము తెలిసివచ్చినది. విషము కంటికి కనబడదు గాని, ముక్కిన వాసన, బూజు, గడ్డకట్టుట ముందుగా హెచ్చరించును. బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడలకు ఎడముగ, ఎండ సోకని చోట పేర్చవలెను.

చేపమేత నాణ్యతను నియంత్రించుటకు మన రాష్ట్రమున 2020లో ప్రత్యేకచట్టము వచ్చినది. భారతీయ ప్రమాణముల సంస్థయు చేపమేతకును రొయ్యమేతకును ప్రమాణములను నిర్దేశించినది. అయినను ప్రతి బస్తా వెంట అధికారి రాజాలడు. కావున కొత్తగా మేత కొను రైతులకు నా విన్నపమిది: సరకు మొత్తము దించుకొనక మునుపే ఒక బస్తా విప్పి జల్లెడను, గ్లాసును ప్రయోగించి చూడుడు, పొడి మిక్కుటమైనచో లారీని అట్లే త్రిప్పి పంపుడు.