కుడితి ముట్టని గేదె ఏం చెబుతోంది?

తూర్పుగోదావరి జిల్లా కడియం అనగానే అందరికీ నర్సరీలే గుర్తొస్తాయి. ఆ పూలమొక్కల ఊళ్లలోనూ పాడి ఉంది, గొడ్లసావిళ్లు ఉన్నాయి. గేదెకు బాగాలేదని పశువుల డాక్టరుకి ఫోన్ చేసే రైతు జ్వరం ఎంతుందో చెప్పడు. ‘‘పొద్దుట్నుంచీ కుడితి ముట్టలేదండి. నెమరేయట్లేదు. ఓ వారకి పోయి నిలబడిపోయిందండి’’ అంటాడు. కోళ్లు పెంచేవాళ్లయితే రెక్కలు వాల్చి కునుకుతోందంటారు. రోగం పేరు తెలియక ముందే జీవి నడత మారిపోతుంది.

ఇదంతా నీరసం వల్లేనని శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అనుకున్నారు. 1988లో అమెరికాకు చెందిన పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్ ఆ అభిప్రాయాన్ని తిరగేశారు. బ్యాక్టీరియా సోకినా వైరస్ సోకినా, కోడికొచ్చినా ఆవుకొచ్చినా మొదటి లక్షణాలు దాదాపు ఒక్కటే: తిండి మానడం, మగతగా పడుండడం, ఒళ్లు శుభ్రం చేసుకోకపోవడం. ఇన్ని రకాల క్రిములు ఒకే తీరున ఎలా దెబ్బతీస్తాయి? కాబట్టి ఇది క్రిమి చేసిన నష్టం కాదు, క్రిమి మీద పోరాటానికి ఒళ్లు తానుగా వేసుకున్న పథకం అన్నది ఆయన వాదన.

ఆ పథకం నడిచే దారి ఇప్పుడు చాలావరకు తెలుసు. క్రిమిని పసిగట్టిన రోగనిరోధక కణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. వాటి కబురు రక్తం ద్వారా, నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు ఒంటి వేడిని పెంచుతుంది. ఒక్క డిగ్రీ సెల్సియస్ జ్వరానికి ఒళ్లు ఖర్చుచేసే శక్తి సుమారు 10 నుంచి 13 శాతం పెరుగుతుంది. ఆ ఖర్చుకు సర్దుబాటుగా తిరుగుడు తగ్గించాలి. మామూలుగా కొత్త గూట్లో వదిలిన ఎలుక మూలమూలా వాసన చూస్తూ తిరుగుతుంది. చచ్చిన బ్యాక్టీరియా పైపొర ముక్కలను ఎక్కించిన ఎలుక మాత్రం కదలకుండా ముడుచుకుంటుంది. దాని ఒంట్లో బతికున్న క్రిమి ఒక్కటీ లేదు, అయినా రోగి నడతే. ఆ ముక్కల ప్రభావం పోగానే మళ్లీ తిరుగుతుంది.

తిండి మానడంలోనూ కొంత అర్థముంది. 1979లో బ్యాక్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా తిండి పెడితే మరిన్ని చనిపోయాయి. అలాగని ఈ సూత్రాన్ని అన్ని రోగాలకూ అంటగట్టకూడదు. నెమరు ఆగిన గేదె విషయంలో ‘మానేసింది, అదే తగ్గుతుందిలే’ అనుకుంటే ప్రమాదం. గొట్టంతో గంజి పోసినా ప్రమాదమే, అది ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు. డాక్టర్ని పిలవాల్సిందే.

ఇక తోటివాటితో సంగతి. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో ఒక చెట్టుతొర్ర నుంచి పట్టిన 31 రక్తపిశాచి గబ్బిలాల్లో సుమారు సగానికి ఆ పొర ముక్కలే ఎక్కించి, అన్నిటి వీపులకూ బుల్లి సెన్సర్లు అంటించి వదిలారు. వాటి ప్రభావం ఉన్నంతసేపు ‘జబ్బు’ గబ్బిలాలు తక్కువ వాటినే కలిశాయి, కలిసినా తక్కువసేపే ఉన్నాయి. 2020లో ఈ ఫలితం వెలువడేనాటికి మనమూ మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా నిలబడుతున్నాం. చీమల్లో సంగతి ఇంకా విచిత్రం. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో చూపించినదాని ప్రకారం, బూజు అంటిన చీమలు పుట్టకు దూరంగా ఎక్కువసేపు గడుపుతాయి. ఆరోగ్యంగా ఉన్న దాది చీమలు కూడా పిల్లల్ని లోపలికి జరుపుతాయి. రోగి తప్పుకోవడం, తోటివారు తప్పించడం రెండూ అక్కడున్నాయి.

అన్ని వేళలా ఇలా ఉండదు. మగ జీబ్రా ఫించ్ పిట్ట ఎదుట కొత్త ఆడపిట్ట ఉంటే జబ్బును కనపడనివ్వదు. ఇక రేబిస్ నడతను పూర్తిగా తలకిందులు చేస్తుంది. వైరస్ మెదడుకెక్కిన కుక్క మూలన పడుండడం మాని దిక్కుతోచక తిరిగి, ఎదురొచ్చినదాన్ని కరవొచ్చు. ఎక్కువగా కాటు ద్వారానే వైరస్ మరో ఒంట్లోకి చేరుతుంది. బాతులది మరో తీరు. బర్డ్‌ఫ్లూ వైరస్ ఒంట్లో ఉన్నా చాలాసార్లు ఏ తేడా లేకుండా ఈదుతాయి, మేస్తాయి. కోత కోసిన చేలల్లో మేపే బాతుల మందలున్న మన గోదావరి డెల్టాలో ఇది మరిచిపోకూడని విషయం.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల నుంచి భోపాల్ ప్రయోగశాలకు పంపిన నమూనాల్లో బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 బయటపడింది. వేల కోళ్లు కిక్కిరిసిన షెడ్డులో ఒక కోడి కునికితే ఎవరి కంటా పడదు. పడినా అది తప్పుకుని పోయే చోటేదీ? గేదె సంగతీ అంతే. వారకు జరగాలని దానికున్నా, పలుపు పొడవే దాని ప్రపంచం.

అడవి జంతువుకు జబ్బు చేస్తే మామూలుగా రెండు పనులు చేస్తుంది: శక్తి దాచుకుంటుంది, మందకు దూరమవుతుంది. కట్టేసిన జంతువు మొదటిదే చేయగలదు. రెండోది పెంచేవాళ్ల పని. కుడితి ముట్టని గేదెను సావిట్లోంచి విడదీసి వేరేచోట కట్టాలి. దాని తొట్టి, బకెట్టు మిగతావాటికి వాడకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు ముగించి, చివర్న దాని దగ్గరికెళ్లి చేతులు కడుక్కోవాలి. కోళ్లు వరసగా కునుకుతుంటే మిగిలినవాటిని సంతకు తోలకుండా, చచ్చినవాటిని కాలవలో పారేయకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. డాక్టరుకి మాత్రం ‘జ్వరమొచ్చింది’ అని సరిపెట్టకండి. ఎప్పట్నుంచి తినలేదో, ఎప్పుడు పక్కకు జరిగిందో చెప్పండి. వైద్యం తొందరగా మొదలవడానికి అవే పనికొస్తాయి.