సాక్ష్యం చెప్పిన మరుసటి రోజు

మన సంఘాల్లో సాక్ష్యానికి ఉన్నంత ఆదరణ మరి దేనికీ ఉండదేమో. ఉజ్జీవ సభల కరపత్రం మీద 'ఒకప్పుడు తాగుబోతు, నేడు ప్రభువు సేవకుడు' అని ఉంటే పందిరి నిండుతుంది. విన్నవారు కన్నీళ్లు పెట్టుకుంటారు, దేవుణ్ణి స్తుతిస్తారు. అది మంచిదే. అయితే సభ ముగిసి, మైకులు సర్దేసిన తరువాత ఆ మనిషి ఏ ఇంటికి వెళ్తాడు, ఆ రాత్రి ఎలా నిద్రపోతాడు, మరుసటి ఉదయం అతని పక్కన ఎవరుంటారు అని మనం అడగడం తక్కువ. ఈ ప్రశ్నను మన ముందు నిలిపే జీవితం ఒకటుంది. అది అమెరికాకు చెందిన హెవీ మెటల్ గిటారిస్టు బ్రయన్ వెల్చ్ జీవితం.

కాలిఫోర్నియా రాష్ట్రంలోని బేకర్స్‌ఫీల్డ్‌లో 1993లో 'కార్న్' అనే సంగీత బృందం ఏర్పడింది. మామూలు గిటారుకు ఆరు తీగలుంటాయి. వీరు ఏడు తీగల గిటార్లు తీసుకుని, శ్రుతి బాగా దించి, గుండెలదిరేలా వాయించారు. చిన్ననాటి గాయాలు, అవమానం, కోపం వారి పాటల్లో వినిపించేవి. ఇంట్లో, బడిలో దెబ్బతిన్న లక్షలాదిమంది యువకులు ఆ పాటల్లో తమను తాము చూసుకున్నారు. 1998లో వచ్చిన వారి ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్ కూడా అంతే. గ్రామీ పురస్కారాలు వచ్చాయి. స్నేహితులు 'హెడ్' అని పిలిచే వెల్చ్ ఆ బృందంలోని ఇద్దరు గిటారిస్టుల్లో ఒకడు.

పేరు పెరిగిన కొద్దీ లోపల మనిషి కుంగిపోయాడు. మద్యంతో మొదలై చివరకు మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థానికి బానిసయ్యాడు. యువత దాన్ని 'మెత్' అంటారు. వివాహం చెదిరింది. చిన్న కూతురిని పెంచే బాధ్యత అతని ఒక్కడి మీదే పడింది. ఆ తండ్రి మత్తు లేకుండా రోజు గడపలేని స్థితిలో ఉన్నాడు. ఒకరోజు ఆ పసిపిల్ల తన బృందం పాడిన అశ్లీలమైన పాటను అర్థం తెలియకుండా పాడుతుంటే విని అతని గుండె బద్దలైంది. వేలమంది కేకలు వేస్తూ వినే పాట, తన బిడ్డ నోట వినలేకపోయాడు.

అదే రోజుల్లో వ్యాపారంలో పరిచయమైన ఒక విశ్వాసి అతనికి మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనాన్ని ఈమెయిల్‌లో పంపాడు. ప్రయాసపడి భారం మోస్తున్నవారిని ప్రభువు తన దగ్గరకు రమ్మని, విశ్రాంతి ఇస్తానని పిలిచే మాట అది. వెల్చ్ బేకర్స్‌ఫీల్డ్‌లోని ఒక సంఘానికి వెళ్లాడు, ప్రార్థించాడు. అయితే ఇక్కడొక సంగతిని మనం దాటవేయకూడదు. ఆ ప్రార్థన తరువాత అతడు ఇంటికి వెళ్లి మళ్లీ మెత్ తీసుకున్నాడు. ఆ మాట అతడే దాచకుండా చెప్పాడు. మత్తులో ఉండి కూడా, దీన్ని నా నుంచి తీసివేయమని దేవుణ్ణి వేడుకున్నాడు. విడుదల వచ్చింది. కాని బలిపీఠం దగ్గర నిలబడిన క్షణంలోనే రాలేదు.

2005 ఫిబ్రవరిలో, 34వ ఏట, కార్న్‌ను విడిచిపెడుతున్నట్టు ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే ఆ సంఘంలో వేలాదిమంది ముందు సాక్ష్యం చెప్పాడు. మార్చి నెలలో యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. అదంతా వార్తల్లోకి ఎక్కింది. అతని మనసు నిజంగా మారింది, అందులో మాకు సందేహం లేదు. కాని ఒక వేదిక దిగిన వెంటనే మరో వేదిక ఎక్కవలసి వచ్చిందన్నది కూడా నిజమే. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడిని అధ్యక్షుడిగా ఉంచవద్దని, గర్వానికి లోనై పడిపోతాడని పౌలు తిమోతికి రాసిన హెచ్చరిక పదవులకు మాత్రమే కాదు, మైకుకు కూడా వర్తిస్తుందని మేము నమ్ముతున్నాము.

ఆ తరువాతి సంవత్సరాలు తేలికగా గడవలేదు. 2007లో తన జీవితకథను పుస్తకంగా రాశాడు, 2008లో సొంత ఆల్బమ్ తెచ్చాడు. బయటికి అది విజయంగానే కనిపించింది. లోపల మాత్రం తీవ్రమైన నిస్పృహ, ఆర్థికంగా దెబ్బ మీద దెబ్బ. కూతురు ఎదిగే వయసులో ఎంతో మానసిక వేదన గుండా వెళ్లింది. ఆమెను దూరంగా ఒక క్రైస్తవ బోర్డింగ్ స్కూలుకు పంపవలసి వచ్చింది. తండ్రీకూతుళ్ల మధ్య తెగిన బంధం అతుక్కోవడానికి ఏళ్లు పట్టింది. 2018లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో ఇద్దరూ ఈ సంగతులు మాట్లాడారు. మరో మాట కూడా అతడు తరువాతి కాలంలో ఒప్పుకున్నాడు. ఒకప్పుడు మత్తు వెంట పడినట్టే మతం వెంట కూడా హద్దు మీరి పడ్డానని, మామూలు మనిషిగా బతకడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చిందని 2021లో చెప్పాడు. ఆ మాట విని కొందరు విశ్వాసులు నొచ్చుకుని ఉండవచ్చు. మేము మాత్రం దాన్ని విశ్వాసాన్ని వదిలిన మాటగా తీసుకోవడం లేదు. వ్యసనానికి అలవాటుపడిన మనసు మంచి దాన్ని కూడా మత్తులాగే పట్టుకోగలదు. రాత్రింబగళ్లు సభలు, ఉపవాసాలు అంటూ ఇల్లు మరచిన కొత్త విశ్వాసిని మనం 'ఎంత ఆసక్తి' అని మెచ్చుకుంటాము. అతని పిల్లలు ఎలా ఉన్నారని కూడా అడగాలి.

ఇదంతా విశ్వాసలోపం కాదని అర్థం కావాలంటే శరీరం సంగతి కొంత తెలియాలి. మెత్ మెదడులో ఆనందాన్ని కలిగించే డోపమిన్ అనే రసాయనాన్ని వరదలా విడుదల చేస్తుంది. మానేసినప్పుడు ఆ వరద ఆగి కరవు మొదలవుతుంది. విపరీతమైన అలసట, దిగులు, దేనిమీదా ఆశ లేకపోవడం, మళ్లీ కావాలనే తహతహ వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. దాన్ని ఒక్క మాత్రతో పోగొట్టే మందు లేదు. క్రమమైన కౌన్సెలింగ్, తోడు నిలిచే మనుషులు కావాలి. మద్యం విషయంలో మరో ప్రమాదముంది. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటి వ్యక్తిని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి, వణుకు వస్తే దయ్యమని గద్దించడం ప్రేమ కాదు. ప్రార్థించండి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. లూకా వైద్యుడేనని మనకు తెలుసు.

2012లో వెల్చ్ ఒక వేదిక మీద పాత మిత్రులతో కలిసి మళ్లీ వాయించాడు. 2013లో పూర్తిగా కార్న్‌లోకి తిరిగి చేరాడు. కుక్క తన వాంతికి తిరిగినట్టు అని తీర్పు చెప్పడానికి మనం తొందరపడతాము. అదే బృందంలో బేస్ గిటార్ వాయించిన ఫీల్డీ కూడా తండ్రి మరణం తరువాత క్రీస్తును నమ్మాడు, కాని బృందాన్ని విడిచిపెట్టలేదు. ఒకడు బయటికి వచ్చి బాగుపడి తిరిగి వెళ్లాడు, మరొకడు అక్కడే ఉండి మారాడు. అందరికీ ఇదే దారి అని మేము అనము. బారులో పాడి తాగుడు నేర్చుకున్నవాడు కోలుకున్న మూడో వారంలోనే ఆ బారుకు వెళ్తే పడిపోతాడు. వెల్చ్ ఎనిమిదేళ్లు దూరంగా ఉన్నాడు. ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లవచ్చో ఆ మనిషిని దగ్గరగా ఎరిగినవారు అతనితో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. దూరంనుంచి తీర్పు చెప్పేది కాదు.

గెరాసేనుల దేశంలో సేన దయ్యం వదిలినవాడు ప్రభువు వెంట వస్తానని బతిమాలాడు. ప్రభువు అతణ్ణి నీ ఇంటివారి దగ్గరకు వెళ్లమన్నాడు. అతని మొదటి సాక్ష్యం ఇంట్లోవారికే. లాజరును సమాధిలోనుంచి పిలిచింది ప్రభువే. అయితే బయటికి వచ్చినవాడి కాళ్లకు చేతులకు ఇంకా ప్రేతవస్త్రాలు చుట్టి ఉన్నాయి. వాటిని విప్పే పని ప్రభువు పక్కన నిలబడినవారికి అప్పగించాడు. జీవం ఇవ్వడం మన చేతిలో లేదు. కట్లు విప్పడం మన పని. అది ఒక్క రాత్రి సభలో పూర్తయ్యేది కాదు.

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి ఇది. వ్యసనం నుంచి బయటపడిన సోదరుణ్ణి, సోదరిని మొదటి సంవత్సరం వేదిక ఎక్కించే తొందర మానండి. వారికి నమ్మకమైన ఇద్దరిని తోడు ఇవ్వండి. జీతం అందిన రోజు, పండుగ రోజు, పెళ్లి విందు రోజు తప్పకుండా ఫోన్ చేయండి. భార్యాపిల్లల మాట విడిగా వినండి. జారిపడితే కూడికలో పేరు పెట్టి చదవకండి, ఇంటికి వెళ్లి పలకరించండి. మత్తు వదిలించుకోవడానికి సలహా, సహాయం కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446, మానసిక వేదనకు టెలి మానస్ 14416 ఉన్నాయి. ఈ రెండు నంబర్లను ప్రకటనల బోర్డు మీద రాయించండి.

ఈ ఆదివారం మీ సంఘంలో చివరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చున్నవాళ్లలో ఒకరు నిన్న రాత్రి మళ్లీ ఓడిపోయి వచ్చి ఉండవచ్చు. ఆరాధన ముగియగానే అతడు వెళ్లిపోకముందే దగ్గరకు వెళ్లండి. పేరు అడగండి, భోజనానికి పిలవండి.