మీకు తెలుసా? విశాఖ కారుకు ఉప్పుగాలి గండం

చలిదేశాల్లో స్పోర్ట్స్ కార్లను శీతాకాలమంతా షెడ్డులో దాచేస్తారు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బండి అడుగుభాగాన్ని తినేస్తుందని భయం. ఉక్కునగరం విశాఖలో మంచు లేదు గానీ, ఉప్పు ఏడాది పొడవునా సముద్రపు గాలిలోనే వస్తుంది.

బీచ్ రోడ్డు పక్కన నెలల తరబడి కారు ఆపాలంటే, ముందు అడుగుభాగంతో సహా మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ప్లాస్టిక్ పట్టా కప్పారో, తేమ లోపలే చిక్కి తుప్పుకు విందే! గాలాడే గుడ్డ కవరు మేలు. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే బ్రేకులు పట్టేసే ప్రమాదముంది. చక్రాలకు అడ్డుదిమ్మలు చాలు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేయాలి.

ఆర్.కె. బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామికీ ఇదే బెడద. దాని ఉక్కు ఒంటికి మరమ్మతులు, రంగులు తప్పడం లేదు.