పాటలో గొంతు వినపడని మనిషి



పోయిన సంచికలో నేను వానపాము గురించి రాశాను. ఈసారి ఒక పాటల మనిషి గురించి రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను. దయచేసి సగంలో వదిలేసి భోజనాల లైనుకి పరిగెత్తకండి.

మైకేల్ జాక్సన్ పేరు మనలో చాలామందికి తెలుసు. ఆయనలా వెనక్కి నడవబోయి డార్మెటరీ గచ్చు మీద పడ్డవాళ్ళు కూడా ఉన్నారు (పేర్లు రాయను). మరి ఆ పాటల్ని అలా తయారుచేయించిన మనిషి ఎవరు? నాకూ తెలీదు. ఇంగ్లీషు మాస్టారు చెబితే తెలిసింది. ఆయన పేరు క్విన్సీ జోన్స్. అమెరికాలో నల్లజాతివాడు.

ప్రొడ్యూసర్ అంటే ఏం చేస్తాడు?

మన సినిమాల్లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే ఆసామి. పాప్ సంగీతంలో అలా కాదు. అక్కడ ప్రొడ్యూసర్ అంటే ఇల్లు కట్టే మేస్త్రి లాంటివాడు. తాపీ పనివాడు, వడ్రంగి, కూలీ అందరూ ఎవరి పని వాళ్ళు చేస్తారు. గోడ నిటారుగా ఉందో లేదో చూసేవాడు మాత్రం మేస్త్రి. అలాగే ఏ పాట తీసుకోవాలి, ఎవరు వాయించాలి, ఎక్కడ డ్రమ్ము గట్టిగా ఉండాలి, ఎక్కడ అందరూ ఊరుకోవాలి, పాడింది బాగుందా మళ్ళీ పాడాలా అన్నది ప్రొడ్యూసర్ చూస్తాడు. అంత చేసినా పాటలో ఆయన గొంతు మాత్రం వినపడదు.

తలుపు వెనక పియానో

క్విన్సీ 1933 మార్చి 14న చికాగో నగరంలో పుట్టాడు. నాన్న వడ్రంగి. క్విన్సీ చిన్నపిల్లవాడుగా ఉండగానే అమ్మకి మతి చెదిరింది, ఆస్పత్రికి తీసుకుపోయారు. చికాగోలో వాళ్ళుండే పేట రౌడీల పేట. పెద్దయి రౌడీ అవుదామనే అనుకునేవాడట. 1943లో నాన్న పిల్లల్ని తీసుకుని బ్రెమర్టన్ అనే ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడ నౌకాదళం ఓడల రేవులో పని దొరికింది.

11 ఏళ్ళ వయసులో ఒక రాత్రి క్విన్సీ, వాడి జట్టు పిల్లలు ఒక భవనంలోకి తాళం పగలగొట్టి దూరారు. లోపల నిమ్మరసంతో చేసిన తియ్యటి వంటకం, ఐస్‌క్రీమ్ ఉన్నాయని వాళ్ళకి తెలిసింది. కడుపునిండా తిన్నారు. (మన స్టోర్ రూమ్ సంగతులు ఇక్కడ రాయను, వార్డెన్ గారు కూడా చదువుతారు కదా!) తిన్నాక ఒక్కొక్క గదీ చూస్తూ పోతుంటే ఒక చీకటి గదిలో పియానో కనిపించింది. తలుపు మూసేసి వెళ్ళిపోబోయాడు. ఎందుకో మళ్ళీ తెరిచాడు. వేళ్ళతో నొక్కి చూశాడు. ఇక జీవితమంతా ఇదే నా పని అని ఆ క్షణంలోనే తెలిసిపోయిందని పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పాడు.

తరువాత సియాటిల్‌లో హైస్కూలు. అక్కడ రే చార్లెస్ అనే చూపులేని కుర్రాడితో స్నేహం కుదిరింది. ఆయన తరువాత గొప్ప గాయకుడయ్యాడు. ఏ వాద్యానికి ఏ స్వరం రాయాలో క్విన్సీకి కొన్ని మెలకువలు చెప్పింది ఆయనే. క్విన్సీ ట్రంపెట్ నేర్చుకున్నాడు. అంటే పెళ్ళి బ్యాండులో ఊదే ఇత్తడి బాకా. 18 ఏళ్ళకే పెద్ద బ్యాండుతో ఊళ్ళు తిరిగాడు. 1957లో పారిస్ వెళ్ళి నాడియా బులాంజే అనే ప్రసిద్ధ సంగీత గురువు దగ్గర చదువుకున్నాడు.

అప్పు, ఉద్యోగం

1960 ప్రాంతంలో సొంత బ్యాండుతో ఐరోపా అంతా తిరిగాడు. చప్పట్లు బాగానే కొట్టారు గాని డబ్బులు రాలేదు. లక్ష డాలర్లకు మించి అప్పు మిగిలింది. పాట వేరు, పాటల వ్యాపారం వేరు అని అప్పుడు తెలిసింది. అప్పు తీర్చడానికి మెర్క్యురీ అనే రికార్డు కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. అక్కడ 16 ఏళ్ళ అమ్మాయి లెస్లీ గోర్ చేత పాడించిన ‘ఇట్స్ మై పార్టీ’ 1963లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 1964లో ఆ కంపెనీకే వైస్ ప్రెసిడెంటు అయ్యాడు. నల్లవాళ్ళకి అలాంటి కుర్చీ దొరకడం ఆ రోజుల్లో దాదాపు లేదు. సినిమాలకి కూడా సంగీతం రాశాడు.

ట్రంపెట్ పోయింది

1974లో ఆయన మెదడులో రక్తనాళం చిట్లింది. వయసు 41. తలకి రెండు ఆపరేషన్లు చేశారు. బతికాడు. కాని లోపల రక్తనాళానికి క్లిప్పు పెట్టారు. గట్టిగా ఊదితే ఆ ఒత్తిడికి అది ఊడిపోవచ్చు, ఇక ట్రంపెట్ ముట్టవద్దు అన్నారు డాక్టర్లు. చిన్నప్పటి నుంచి ఊదిన మనిషి అక్కడితో ఆపేయాల్సి వచ్చింది.

మిత్రులారా, నేను ఇక్కడే ఆగి రెండుసార్లు చదివాను. ఎందుకంటే ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద పనులు దీని తరువాతే జరిగాయి.

‘ది విజ్’ అనే సినిమా పనిలో మైకేల్ జాక్సన్ కలిశాడు. ఇద్దరూ కలిసి 1979లో ‘ఆఫ్ ది వాల్’, 1982లో ‘థ్రిల్లర్’, 1987లో ‘బ్యాడ్’ ఆల్బమ్‌లు చేశారు. థ్రిల్లర్‌లో ఉన్నవి 9 పాటలే. అయినా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్‌గా దాన్నే చెబుతారు. అమెరికాలోనే 3 కోట్లకు పైగా పోయాయి.

అది మొదట చెడిపోయింది! పని అంతా అయిందని కూర్చుని వింటే శబ్దం పలచగా ఉంది. కారణం ఏమిటంటే, అప్పటి రికార్డు అంటే నల్లటి పళ్ళెం. దాని మీద చుట్టూ తిరిగే సన్నటి గాడిలో పాట ఉంటుంది. ఒక వైపు ఎక్కువ నిమిషాలు కుక్కితే గాడి ఇరుకైపోతుంది, శబ్దంలో బలం పోతుంది. గడువు దగ్గర పడింది. అయినా సరే, పాటల్ని కత్తిరించి, ఒక్కొక్క పాటని మళ్ళీ మొదటినుంచి కలిపారు.

ఇంకో సంగతి. ‘బిల్లీ జీన్’ పాటలో గొంతు రావడానికి ముందు దాదాపు అర నిమిషం వాద్యాలే ఉంటాయి. అంత ఎందుకు, తగ్గిద్దాం అన్నాడు క్విన్సీ. అది వింటేనే నాకు ఆడాలనిపిస్తుంది అన్నాడు మైకేల్. అయితే ఉంచెయ్ అన్నాడు క్విన్సీ. మేస్త్రికి తగ్గడం కూడా తెలియాలన్న మాట.

1985 జనవరి 28 రాత్రి ఇథియోపియా కరువు బాధితుల కోసం ‘వి ఆర్ ది వరల్డ్’ పాట రికార్డు చేశారు. 40 మందికి పైగా పెద్ద పెద్ద గాయకులు ఒకే గదిలో! ఎవరి గొప్ప వాళ్ళు గుమ్మం బయట వదిలి రావాలని క్విన్సీ ముందే బోర్డు పెట్టించాడు. తెల్లారేదాకా అందరిచేతా పాడించాడు. ఆ పాట వల్ల 6 కోట్ల డాలర్లకు పైగా సహాయం పోగయింది.

ఆయనకి గ్రామీ బహుమతులు 28 వచ్చాయి. 2024 నవంబరు 3న, 91 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇక నా సంగతి

నేను 7వ తరగతి నుంచి మన పాటల జట్టులో ఉన్నానని మీకు తెలుసు. ఈ ఏడు నా గొంతు మారింది. పాడితే తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది. జట్టులోంచి తీసేశారు. తీసెయ్యడం న్యాయమే గాని నేను నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు.

క్విన్సీ గురించి విన్నాక ప్రాక్టీసు దగ్గరికి వెళ్ళి ఊరికే వెనక కూర్చున్నాను. జట్టులో పాడేటప్పుడు నాకెప్పుడూ వినపడనిది వెనకనుంచి వినపడింది. మనం డప్పు మొదటినుంచీ దంచేస్తున్నాం, అందుకని మాటలు ఎవరికీ అర్థం కావడం లేదు. మొదటి చరణం ఇద్దరే పాడండి, డప్పు రెండో చరణంలో రావాలి అన్నాను. డప్పు కొట్టే అన్నకి కోపం వచ్చింది. అయినా ఒకసారి చేసి చూశారు. వంటమనిషి గిన్నెలు తోమడం ఆపి, ఇది మా ఊరి నాట్ల పాటే కదా బాబూ అంది. మూడేళ్ళుగా పాడుతున్నాం, ఆ మాట ఆమె ఇప్పుడే అంది.

వార్డెన్ గారికి ఒక మనవి. ఆఫీసు గదిలో బీరువా పక్కన హార్మోనియం ఉంది. గుడ్డ కప్పి ఉంది, గదికి తాళం ఉంది. ఆదివారం ఒక గంట తెరిపిస్తే, మీ ఎదుటే కూర్చుని వాయించుకుంటాం. మేం తాళం పగలగొట్టం. కాని తలుపు వెనక ఏముందో ఒకసారి చూసినవాడికి చూడనట్టు ఉండటం కష్టం సార్.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి
(పాటల జట్టులో వెనక కూర్చునేవాడు)