పరుగు ఏడు రోజులు.. డ్యూటీ మామూలే!

హారిస్‌డేల్ (ఆస్ట్రేలియా): పెర్త్‌లో ఉండే మనవాళ్లకు కాటెస్లో బీచ్ అంటే ఆదివారం సాయంత్రం పిల్లల్ని తిప్పుకొచ్చే చోటు. 2022 సెప్టెంబరు 1న నెడ్ బ్రాక్‌మన్ అనే 23 ఏళ్ల కుర్రాడు అక్కడి నుంచే సిడ్నీకి బయలుదేరాడు. విమానంలో కాదు, రైల్లో కాదు.. పరుగెత్తుకుంటూ! అక్టోబరు 17న సిడ్నీలోని బాండై బీచ్‌కి చేరాడు. దాదాపు 3,950 కిలోమీటర్లు. అంటే 46 రోజుల పాటు, రోజుకు ఇంచుమించు రెండు మారథాన్లు.

అతను ఒలింపిక్స్ ఆటగాడేం కాదు. ఎలక్ట్రీషియన్. వైర్లు లాగి, స్విచ్‌బోర్డులు బిగించి బతికే మనిషి. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, ఉద్యోగం చేసుకుంటూనే 50 రోజుల్లో 50 మారథాన్లు పూర్తి చేశాడు. మమ్మల్ని పట్టుకున్నది సిడ్నీ పరుగు కాదు, ఈ మాట. పని మానకుండా పరుగెత్తాడట! హారిస్‌డేల్‌లో, పక్కనే ఉన్న పియారా వాటర్స్‌లో మనవాళ్ల బతుకంతా షిఫ్టుల చుట్టూనే తిరుగుతుంది కదా.

ఇళ్లులేని వాళ్ల కోసం నెడ్ ఈ పరుగులో 18 లక్షల డాలర్లకు పైగా విరాళాలు పోగుచేశాడు. పేపర్లలో ఫొటోలు బాగా వచ్చాయి. ఫొటోల్లో కనపడనిది ఇంకోటుంది. కాలి స్నాయువులు వాచిపోయి స్కానింగులు తీయించుకోవాల్సి వచ్చింది, కాలివేళ్లలో పురుగులు పట్టాయి. వెంట బండి, మనుషులు, వైద్యం చూసేవాళ్లు ఉండబట్టి గట్టెక్కాడు. మన వెంట ఎవరున్నారు? పొద్దున నాలుగింటికి అలారం తప్ప!

అందుకే మాకు నెడ్ కన్నా క్లిఫ్ యంగ్ దగ్గరివాడనిపించాడు. విక్టోరియా రాష్ట్రంలో ఆలుగడ్డలు పండించే రైతు. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి 875 కిలోమీటర్ల పందెం పెడితే, 61 ఏళ్ల వయసులో వచ్చి కుర్రాళ్ల పక్కన నిలబడ్డాడు. మన లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు తిరుపతి నుంచి శ్రీకాకుళం దూరం. చూసినవాళ్లు నవ్వారు. పొలంలో గమ్‌బూట్లతో గొర్రెల వెంట రోజుల తరబడి తిరిగినవాణ్ని, ఇదెంత అన్నాడాయన. అడుగు ఎత్తీ ఎత్తనట్టు, నేలను రాసుకుంటూ పోయే పరుగు ఆయనది. మిగతావాళ్లు పడుకున్న వేళ కూడా నడక ఆపలేదు. 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో గెలిచాడు. బహుమతి 10 వేల డాలర్లు వస్తే తోటివాళ్లకు పంచేశాడు. వేగంతో గెలవలేదు, శరీరాన్ని పొదుపుగా వాడి గెలిచాడు.

రోజుల తరబడి దూరం పోవడం మనకేమన్నా కొత్తా? పాదయాత్రల రాష్ట్రం మనది. 2003 మండుటెండల్లో వై.ఎస్. చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. 2017 నవంబరు నుంచి 2019 జనవరి వరకు జగన్ 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు నడిచారు. దారి పొడవునా జనంతో మాట్లాడుతూ పోయే నడకను పరుగుతో పోల్చకూడదనుకోండి. అయినా సూత్రం ఒకటే: ఇవాళ ఎంత పోయామన్నది కాదు, రేపు పొద్దున మళ్లీ లేవగలమా అన్నదే.

50 కిలోమీటర్ల లెక్క

గత జూలైలో మేం ఐదుగురం ఒక లెక్క పెట్టుకున్నాం. ఏడు రోజులు, మొత్తం 50 కిలోమీటర్లు, ఎవరూ సెలవు పెట్టకూడదు. ఏజ్డ్ కేర్‌లో పనిచేసే అక్క, గోదాంలో ఆర్డర్లు సర్దే తమ్ముడు, గనుల్లో రెండు వారాలు పనిచేసి ఒక వారం ఇంటికొచ్చే ఎలక్ట్రీషియన్, ఆఫీసు కుర్చీలో నడుములు పట్టేసిన మేం ఇద్దరం. మూడు నెలల ముందు నుంచే సాధన. మొదట నడక, ఆ తర్వాత నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అక్కకు మాత్రం ముందు డాక్టర్ దగ్గర గుండె, బీపీ, షుగర్ పరీక్షలు చేయించాం. మన దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు, షుగర్ చిన్న వయసులోనే వస్తాయి. నలభై దాటాక ఈ పరీక్షల్లేకుండా దూరం జోలికి పోకూడదు.

జూలైలో ఇక్కడ తెల్లారేసరికి ఏడు దాటుతుంది. చలి, వాన. తలకు లైటు కట్టుకుని హారిస్‌డేల్ వీధుల్లో, వెలుగొచ్చాక ఫారెస్ట్‌డేల్ సరస్సు వైపు పరుగెత్తాం. చలికాలమే ఎందుకంటే, ఆగస్టు దాటితే గుడ్లు పెట్టిన మ్యాగ్‌పై పక్షులు తల మీదకు దూకుతాయి, ఎండలొస్తే సరస్సుల దగ్గర పాములు తిరుగుతాయి. ఇక వేసవిలో 40 డిగ్రీలు. గల్ఫ్‌లోని సోదరులకైతే వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం బయట పని చేయించొద్దని ప్రభుత్వాలే నిషేధం పెట్టే నెలల్లో పరుగు పెట్టుకోవద్దు.

రోజూ ఒకే దూరం పెట్టుకోలేదు. షిఫ్టును బట్టి 5, 8, 6, 10.. అలా. అక్కకు డబుల్ షిఫ్ట్ పడిన రోజు 5 కిలోమీటర్లూ నడకే. తిండి విషయంలో మాత్రం మనవాళ్లను మించినవాళ్లు లేరని మా గట్టి నమ్మకం! దుకాణంలో జెల్ ప్యాకెట్ కొనాలంటే డాలర్లు పోయాలి. జేబులో పులిహోర ఉండ ఉంటే పిండిపదార్థం, ఉప్పు రెండూ అందులోనే. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ, పెరుగన్నం. షుగర్ మందు వాడేవాళ్లు మాత్రం పరుగుకు ముందూ వెనకా రీడింగ్ చూసుకోవాల్సిందే.

తమ్ముడు ఆగిన రోజు

నాలుగో రోజు తమ్ముడు మధ్యలో నిలబడిపోయాడు. "అన్నా, ఇక్కడ.. వేలు పెడితే ప్రాణం పోతోంది" అని మోకాలి కింద ఎముక మీద ఒకచోట చూపించాడు. ఎముక పొడవునా లాగినట్టుంటే మామూలు నొప్పి కావచ్చు. ఒకే చుక్క దగ్గర పొడిస్తే ఎముక చిట్లుతోందేమోనని అనుమానించాలి. అక్క ఇంకో మాటకు తావివ్వలేదు, "నాన్నా, ఇంటికి పద" అంది. స్కాన్‌లో తేలింది.. ఎముక ఇంకా చిట్లలేదు, చిట్లబోతోంది.

అతనిది క్యాజువల్ ఉద్యోగం. గంట జీతం కాస్త ఎక్కువొస్తుంది, జబ్బు చేస్తే మాత్రం పైసా రాదు. ఊళ్లో చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు నెలనెలా తీరుస్తున్నాడు. ఆ రోజు ఆగాడు కాబట్టి నాలుగు షిఫ్టులతో పోయింది, తర్వాత కొన్నాళ్లు కూర్చుని చేసే పని ఇచ్చారు. మొండికేసి ఏడు రోజులూ లాగించి ఉంటే ఆరు వారాలకు పైగా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చేదన్నాడు డాక్టర్. తాత్కాలిక వీసా మీద ఉన్న చాలామందికి మెడికేర్ కూడా ఉండదు. స్కానింగ్ ఖర్చు తమ ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ఇలాంటివి తలపెట్టే ముందే పాలసీ తీసి చూసుకోవాలి.

ఇంకో రెండు సంగతులు. నొప్పి తెలియకుండా ఐబుప్రొఫెన్ మింగి పరుగెత్తడం చాలామంది చేస్తారు. దూరపు పరుగులో నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర మూత్రపిండాల మీద పడుతుంది. కోలా రంగులో మూత్రం వస్తే కండరాలు కరిగిపోతున్నట్టు, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. అలాగని దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు నీళ్లు తాగడమూ ప్రమాదమే. రక్తంలో ఉప్పు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

ఎలక్ట్రీషియన్ అయిదో రోజే సైట్‌కి విమానం ఎక్కాల్సి వచ్చింది. క్యాంపులో జిమ్ యంత్రం మీద మిగతా కిలోమీటర్లు లాగించి ఫొటో పంపాడు. లెక్కలోకి వస్తుందా రాదా అని మాలో మేం ఓ పూటంతా వాదించుకుని, చివరికి వస్తుందనే తేల్చాం. అక్క మాత్రం ఒక్క రోజు తప్పలేదు, ఏడో రోజు 10 కిలోమీటర్లు పూర్తి చేసి మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లింది.

తమ్ముడికి ఇప్పుడు పరుగెత్తడానికి అనుమతి వచ్చింది. శనివారం పొద్దున పెర్త్ పార్కుల్లో ఉచితంగా జరిగే 5 కిలోమీటర్ల పార్క్‌రన్‌లో సగం నడక, సగం పరుగుగా మొదలుపెట్టాడు. వచ్చే జూలై లెక్కలో అతని పేరుంది. దూరం ఎంతన్నది మాత్రం ఇంకా రాయలేదు. పులిహోర ఈసారి ఎవరు కలపాలన్నదీ తేలలేదు.