అమీర్‌పేట గదుల్లో బాతు అల్లరి
ముగింపు ఉన్న ఆట వేరు, కొంప ముంచే ఆట వేరు

హైదరాబాదు: సాయంత్రం ఏడు దాటిందంటే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. కంప్యూటరు కోర్సుల బోర్డులు ఒకదానిపై ఒకటి వేలాడుతుంటాయి. కరపత్రాలు పంచేవారు దారికి అడ్డం పడుతుంటారు. క్లాసు వదిలిన కుర్రకారు కర్రీ పాయింట్ల వైపు, హాస్టళ్ళ వైపు సాగిపోతుంటారు. వీరిలో చాలామంది జిల్లాల నుంచి వచ్చినవారే. పంట అమ్మో, అప్పు చేసో తండ్రి పంపిన డబ్బుతో కోర్సు నేర్చుకొని ఉద్యోగం వెతుక్కునేవారే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక పంజాగుట్ట ఇక్కడికి ఒక్క స్టేషను దూరం. కొలువు దొరికినవారిలో కొందరు అటువైపు గది మారుస్తారు.

అలాంటి గదిలో కొడుకు రాత్రిపూట వీడియో గేమ్ ఆడుతున్నాడని తెలిస్తే ఊళ్ళో కన్నవారి గుండె గుభేలుమంటుంది. ఆ భయం ఉత్తది కాదు. అయితే అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టరాదు.

కేసెట్ల కాలం

1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఒక ఆటపెట్టెను అమ్మకానికి తెచ్చింది. దాన్ని టీవీకి తగిలించి, కేసెట్ పెట్టి, చేతిలోని మీటలు నొక్కుతూ ఆడాలి. 1985లో వచ్చిన మారియో ఆట లోకమంతా తిరిగింది. 1990 తర్వాత ఆ పెట్టెకు నకళ్ళు మన పట్నాల్లోకీ దిగాయి. కొనలేని పిల్లలు గంటకింత అని అద్దె ఇచ్చి దుకాణాల్లో ఆడేవారు. నేటి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ ఆ కోవలోనివే.

ఈ పెట్టెల్లో తుపాకుల ఆటలే కాదు, నవ్వు పుట్టించే వింత ఆటలూ ఉన్నాయి. 2019 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన చిన్న బృందం ఒకటి బాతు ఆటను విడుదల చేసింది. ఆడేవాడే బాతు. ఒక పల్లెటూరిలో దూరి తోటమాలి తాళాలు కాజేయాలి, అతని దంతెను చెరువులో పడేయాలి, కుర్రవాణ్ణి టెలిఫోను గదిలోకి తరమాలి. చివరకు ఒక గంటను ముక్కున కరచుకొని, ఊరంతా అడ్డుపడుతున్నా ఇల్లు చేరాలి. అంతటితో సరి. మూడు నాలుగు గంటల్లో ముగిసిపోతుంది.

2004లో జపాన్‌లో వచ్చిన ‘కటమారి’ మరీ విచిత్రం. ఒక రాజు మతిలేని పని చేసి ఆకాశంలోని చుక్కలన్నీ పోగొడతాడు. ఐదు సెంటీమీటర్ల పొడవున్న కొడుకు అంటుకునే బంతి ఒకటి దొర్లిస్తూ కొత్త చుక్కలు తయారుచేయాలి. మొదట గుండుపిన్నులు, తర్వాత పెన్సిళ్ళు, ఆపై ఆవులు, ఇళ్ళు - అన్నీ దానికి అంటుకుపోతాయి. ఇదీ కొన్ని సాయంత్రాల్లో పూర్తయ్యేదే.

వైకుంఠపాళి - పేకాట

ఈ తేడా పల్లెవాసులకు కొత్త కాదు. వైకుంఠపాళిలో పాము మింగినా, నిచ్చెన ఎక్కినా చివరి గడి చేరగానే పటం మడిచేస్తారు. డబ్బు పెట్టిన పేకాటకు అలాంటి గడి లేదు. పోయినవాడు రాబట్టుకోవాలని, గెలిచినవాడు ఇంకా గెలవాలని కూర్చుంటాడు. సెల్‌ఫోనులో పందెం ఆటల గుణం ఇదే. కోర్సు ఫీజు, హాస్టలు బాడుగ అందులో పోతే ఊళ్ళో పొలం తాకట్టుకు వెళ్తుంది.

అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను అది నిషేధించింది; పందెం లేని ఆటలను నిషేధించలేదు.

అడగవలసిన ప్రశ్నలు

పందెం లేనంత మాత్రాన హద్దు అక్కరలేదని కాదు. ఆటవ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడారన్నది అక్కడ కొలమానం కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా చదువూ వెనకబడటం, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా మానకపోవడం లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇలా సాగితే జబ్బుగా లెక్కిస్తారు. ఇలాంటి అవస్థలో ఉన్నవారు 14416కు ఫోను చేయవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ. సలహాకు రుసుము లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొడుకు ఆడుతున్నాడని వినగానే తిట్లకు దిగితే మరుసటి ఫోనులో ఆ ఊసే ఎత్తడు. అంతకంటే మూడు మాటలు అడగడం మేలు. ఆ ఆటలో డబ్బు పెట్టాలా? దానికి ముగింపు ఉందా? నిన్న ఎన్నింటికి పడుకున్నావు? బాతు గంటను ఇల్లు చేర్చి, మీటలు పక్కన పెట్టి, పొద్దున్నే క్లాసుకు లేచే కుర్రవాడి గురించి దిగులు పడనక్కరలేదు. మొదటి ప్రశ్నకే నోరు పెగలనివాడి కోసం మాత్రం మర్నాడే బస్సెక్కాలి.